ఆర్గాన్ బోల్ట్జ్‌మన్ ప్లాట్: ఐన్‌స్టీన్ గుణకాలకు ఎవరి అంకెను నమ్మాలి? సొంతంగా కొలవాలా?

సన్నగీత (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ముందు సెటప్ చెప్తాను. 1 పాస్కల్ ఆర్గాన్, 13.56 మెగాహెర్ట్జ్ ఇండక్టివ్ ప్లాస్మా, చూసే దిశలో మందం సుమారు 5 సెంటీమీటర్లు. అర మీటరు మోనోక్రోమేటర్ (కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసే పరికరం), మిల్లీమీటరుకు 1200 గీతల గ్రేటింగ్, బ్యాక్-థిన్డ్ సీసీడీ. సన్నటి లైన్ సగం ఎత్తులో 0.07 నానోమీటర్ల వెడల్పు వస్తోంది. కాలిబ్రేషన్‌కి సర్టిఫికెట్ ఉన్న టంగ్‌స్టన్ హాలోజన్ దీపం వాడుతున్నాను.

4పి నుంచి 4ఎస్‌కి (ఆర్గాన్ ఉత్తేజిత స్థాయిల రెండు గుంపులు) దిగే లైన్లతో బోల్ట్జ్‌మన్ ప్లాట్ (లైన్ తీవ్రతల లాగరిథమ్‌ని ఎగువ స్థాయి శక్తికి ఎదురుగా గీసి, వాలు నుంచి ఉష్ణోగ్రత తీసేది) గీస్తున్నాను, నానోమీటర్లలో: 696.5, 706.7, 738.4, 750.4, 763.5, 772.4, 800.6, 811.5. అన్నీ కలిపితే 0.6 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది. 763.5, 811.5 రెండూ తీసేస్తే 0.35కి పడిపోతుంది. లాంగ్మ్యూర్ ప్రోబ్ (ప్లాస్మాలో పెట్టే చిన్న ఎలక్ట్రోడ్) మాత్రం ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత 3 ఎలక్ట్రాన్ వోల్టులు (ఈవీ) అంటోంది, సాంద్రత ఘన సెంటీమీటరుకు 10¹¹ దగ్గర.

వేర్వేరు పట్టికల్లో ఐన్‌స్టీన్ గుణకాలు (ఆ లైన్ ఉద్గారం సెకనుకు ఎంత సంభావ్యమో చెప్పే అంకెలు) కొన్ని లైన్లకు 10 నుంచి 20 శాతం దాకా తేడాగా ఉన్నాయి. ఏ పట్టిక ఎంచుకుంటే ఆ ఉష్ణోగ్రత వస్తోంది. దేన్ని నమ్మాలో ఎలా తేల్చుకోవాలి? ఈ సెటప్‌తోనే గుణకాలు సొంతంగా కొలవడం సాధ్యమేనా?

వాలు_లెక్క

పట్టిక మీద అనుమానం తర్వాత. ముందు ఆ ప్లాట్ ఎంత సున్నితమో చూడండి. మీ లైన్లలో అన్నిటికన్నా కింది ఎగువ స్థాయి 811.5ది, 13.076 ఈవీ. అన్నిటికన్నా పైది 750.4ది, 13.480 ఈవీ. మొత్తం పరిధి 0.404 ఈవీ మాత్రమే. రెండు లైన్ల నిష్పత్తిలో తప్పు ఉంటే అది ఉష్ణోగ్రతలోకి వచ్చేటప్పుడు ఉష్ణోగ్రత బై శక్తి తేడా అనే గుణకంతో పెరుగుతుంది. 0.5 ఈవీ దగ్గర ఆ గుణకం 1.24. నిష్పత్తిలో 20 శాతం తప్పుంటే ఉష్ణోగ్రతలో 25 శాతం తప్పు. నిజంగా 3 ఈవీ ఉన్న ప్లాస్మా అయితే గుణకం 7.4 అవుతుంది, అంటే 10 శాతం తప్పు 74 శాతంగా మారుతుంది. అంత వేడి ప్లాస్మాని ఇంత ఇరుకు పరిధిలో కొలవడం పట్టికలు ఎంత మంచివైనా కుదరదు.

రెండోది, ఎక్కువమంది జారేది ఇక్కడే. దీపం సర్టిఫికెట్ వాట్లలో ఉంటుంది. దాన్ని అలాగే వాడి కాలిబ్రేట్ చేస్తే మీ తీవ్రత శక్తి లెక్కలో ఉంటుంది, అప్పుడు తీవ్రతను తరంగదైర్ఘ్యంతో గుణించి, డీజెనరసీతోనూ (ఆ స్థాయిలో ఒకే శక్తి ఉన్న స్థితుల సంఖ్య) ఐన్‌స్టీన్ గుణకంతోనూ భాగించి లాగరిథమ్ తీయాలి. ఫోటాన్ల లెక్కలోకి మార్చుకుని ఉంటే తరంగదైర్ఘ్యం రాకూడదు. ఫోటాన్ల లెక్కలో ఉండి కూడా గుణించేస్తే 750.4, 811.5 మధ్య లాగరిథమ్‌లో 0.078 తేడా పడుతుంది. 0.404 ఈవీ మీద అది వాలుని 0.19 మారుస్తుంది. 0.5 ఈవీకి వాలు 2 కాబట్టి దాదాపు 10 శాతం తప్పు, ఒక్క గుణకారం వల్ల.

ఇక అసలు పరీక్ష. ఒకే ఎగువ స్థాయి నుంచి వచ్చే లైన్ల జంట తీసుకోండి. ప్లాస్మా ఎలా ఉన్నా, సమతౌల్యం ఉన్నా లేకపోయినా, ఆ నిష్పత్తి ఐన్‌స్టీన్ గుణకాల నిష్పత్తే కావాలి. మీ దగ్గరే రెండు జంటలున్నాయి:

738.4 బై 706.7. ఎగువ స్థాయి 13.302 ఈవీ. గుణకాలు 8.47 × 10⁶, 3.80 × 10⁶. ఫోటాన్ల లెక్కలో 2.23 రావాలి, శక్తి లెక్కలో 2.13.

763.5 బై 800.6. ఎగువ స్థాయి 13.172 ఈవీ. గుణకాలు 2.45 × 10⁷, 4.90 × 10⁶. ఫోటాన్ల లెక్కలో 5.0, శక్తి లెక్కలో 5.24.

ఈ రెండూ కొలిచి ఇక్కడ పెట్టండి. శిఖరం ఎత్తు కాదు, బ్యాక్‌గ్రౌండ్ తీసేసిన వైశాల్యం కావాలి.

ఇంకో మాట. 772.4 అని మీరు రాసినది ఒక లైన్ కాదు. 772.376, 772.421 రెండు, మధ్య దూరం 0.045 నానోమీటర్లు, మీ పరికరం వెడల్పు 0.07. ఎగువ స్థాయిలు కూడా వేరు: మొదటిది 13.153, రెండోది 13.328. కలిసిపోయిన వైశాల్యాన్ని ఒక లైన్‌కి అంటగడితే ఆ బిందువుకి అర్థం లేదు. ప్లాట్ నుంచి తీసేయండి.

అంకెల_మూలం

పట్టికల సంగతి నేను చెప్తాను.

నిస్ట్ (అమెరికా ప్రమాణాల సంస్థ) డేటాబేస్‌లో ప్రతి గుణకం పక్కన ఒక అక్షరం ఉంటుంది, చాలామంది దాన్ని కాపీ చేసుకోకుండానే వదిలేస్తారు. ఏఏఏ అంటే 0.3 శాతం లోపు, ఏఏ 1, ఏ+ 2, ఏ 3, బీ+ 7, బీ 10, సీ+ 18, సీ 25, డీ+ 40, డీ 50 శాతం లోపు. 'ఈ' (E) అక్షరం అంటే 50 శాతం దాటింది. మీ రెండు పట్టికల మధ్య 15 శాతం తేడా ఉండి, ఆ లైన్ గ్రేడ్ సీ అయితే ఆ రెండు అంకెలూ ఒకదాన్నొకటి కాదనడం లేదు. అది గొడవ కాదు, మామూలు అనిశ్చితి. ఫిట్‌లో ఆ బిందువుకి తగిన బరువు వేస్తే సరిపోతుంది. అదే 15 శాతం తేడా 'ఏ' (A) గ్రేడ్ లైన్‌లో కనిపిస్తే మాత్రం ఆగి చూడాలి.

తర్వాత మూలం. మూడు పట్టికలు ఒకే అంకె ఇస్తున్నాయంటే ముగ్గురు కొలిచారని కాదు. చాలాసార్లు ఒకే కొలతను ముగ్గురు ఎత్తి రాసుకుని ఉంటారు. ప్రతి అంకె ఏ పద్ధతిలో వచ్చిందో వెనక్కి వెళ్లి చూడండి. ప్రయోగం అయితే జీవితకాలం (ఎగువ స్థాయి సగటున నిలిచే సమయం) ఎక్కడిది, బ్రాంచింగ్ ఫ్రాక్షన్ (ఆ స్థాయి నుంచి వచ్చే ఉద్గారంలో ఈ లైన్ వాటా) ఎక్కడిది అని విడివిడిగా రాసుకోండి. ఉద్గార కొలతను స్థిరమైన ఆర్క్‌లో సమతౌల్యం ఉందని అనుకుని చేశారా, లేక లేజర్‌తో ఉత్తేజపరిచి క్షయం కొలిచారా అన్నది పెద్ద తేడా. మొదటి దాంట్లో ఉష్ణోగ్రతలోని తప్పు అన్ని గుణకాల్లోకీ ఒకే దిశలో పాకుతుంది.

సిద్ధాంతపు లెక్కలైతే రెండు విషయాలు చూస్తాను. ఒకే గుణకాన్ని లెక్కించే రెండు సూత్రాల్లో, అంటే లెంగ్త్ రూపంలో, వెలాసిటీ రూపంలో వచ్చిన విలువలు ఎంత దగ్గరగా ఉన్నాయి? దగ్గరగా ఉంటే సరైనదని రుజువు కాదు గానీ, దూరంగా ఉంటే మాత్రం నమ్మకూడదని రుజువే. రెండోది, కోవన్ కోడ్ (పరమాణు లెక్కల ప్రోగ్రామ్) లాంటివి ఇచ్చే క్యాన్సిలేషన్ ఫ్యాక్టర్. అది 0.05 కన్నా తక్కువైతే పెద్ద పెద్ద ధన, రుణ పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మిగిలిన చిన్న అంకె అది. దాని మీద ఏదీ కట్టకండి. సాధారణంగా బలహీన లైన్లలోనే ఈ జబ్బు కనిపిస్తుంది. అందుకే రెండు మూలాలను పోల్చేటప్పుడు గుణకాల నిష్పత్తిని లైన్ స్ట్రెంత్‌కి ఎదురుగా గీయాలి. బలమైన లైన్ల వైపు బిందువులు 1 చుట్టూ గుమిగూడతాయి, బలహీనం వైపు గరాటులా విచ్చుకుంటాయి. ఆ గరాటు వెడల్పే మీకు ఆ బలం దగ్గర నిజమైన అనిశ్చితి చెప్తుంది. మొత్తం గుంపుకి ఒకే శాతం రాసేస్తే బలమైన లైన్లకు అన్యాయం, బలహీన లైన్లకు అతి నమ్మకం.

చివరగా ఒకటి. ఒకే ఎగువ స్థాయి నుంచి వచ్చే లైన్లన్నీ ఒకే జీవితకాలం మీద ఆధారపడతాయి. ఆ జీవితకాలంలో 5 శాతం తప్పుంటే ఆ లైన్లన్నీ ప్లాట్‌లో కలిసికట్టుగా పైకో కిందకో జరుగుతాయి. నాలుగు లైన్లు ఉన్నాయి కదా అని తప్పుని వర్గమూలం నాలుగుతో భాగిస్తే మోసపోతారు. ఆ భాగం ఎన్ని లైన్లు తీసుకున్నా తగ్గదు.

సన్నగీత

ఇద్దరికీ ధన్యవాదాలండి. 772.4 తీసేశాను. ఫోటాన్ల లెక్కలో కొలిచిన నిష్పత్తులు:

738.4 బై 706.7: 2.2
763.5 బై 800.6: 3.4

మొదటిది సరిపోయింది. రెండోది 5 రావాల్సింది 3.4 వచ్చింది. ఇది కాలిబ్రేషన్ తప్పా, గుణకాల తప్పా? దీపం స్పెక్ట్రమ్‌లో 750 దాటాక సన్నటి అలల్లాంటివి కూడా కనిపిస్తున్నాయి.

నీడలోని_లైన్

గుణకాల తప్పు కాదండి. ముప్పై శాతానికి పైగా తక్కువ రావడానికి ఆ పట్టిక అంత చెడ్డది కాదు. రెండు కారణాలు కలిసి ఉండొచ్చు, అలలది ముందు చెప్తాను.

బ్యాక్-థిన్డ్ సీసీడీలో సిలికాన్ పొర చాలా పల్చన. 700 దాటాక సిలికాన్ కాంతిని సరిగా పీల్చుకోదు, పొర లోపల కాంతి ముందుకీ వెనక్కీ తిరిగి వ్యతికరణం చేస్తుంది. దీన్నే ఎటలోనింగ్ అంటారు. ఈ అలలు స్థిరంగా ఉంటే దీపంతో భాగించేటప్పుడు పోతాయి. కానీ కాంతి పడే కోణం మారితే, సీసీడీ ఉష్ణోగ్రత మారితే అలలు పక్కకు జరుగుతాయి. అప్పుడు భాగహారం వాటిని తీసేయకపోగా రెట్టింపు దాకా పెంచొచ్చు. పరీక్ష సులువు: దీపం స్పెక్ట్రమ్ తీసి, ఫైబర్ చివరను కొద్దిగా కదిపి మళ్లీ తీసి, ఒకదాన్ని ఇంకోదాంతో భాగించండి. సమతలంగా రాకపోతే దీపానికీ ప్లాస్మాకీ ఫైబర్ దారి అచ్చంగా ఒకటే ఉండేలా చూసుకోవాలి. స్లిట్ ముందు డిఫ్యూజర్ పెడితే కాంతి కొంత పోయినా ఈ బెడద చాలా తగ్గుతుంది.

అలాగే లాంగ్‌పాస్ ఫిల్టర్ ఉందా? లేకపోతే దీపం 400 దగ్గరి కాంతి రెండో ఆర్డర్‌లో 800 మీద వచ్చి కూర్చుంటుంది. 550 దగ్గర తెరుచుకునే ఫిల్టర్ పెడితే 1100 దాకా నిశ్చింత.

ఇప్పుడు పెద్ద కారణం, స్వయం శోషణ, అంటే ప్లాస్మా తన కాంతిని తానే పీల్చుకోవడం. 4ఎస్ గుంపులోని నాలుగు స్థాయిలకు 1ఎస్2 నుంచి 1ఎస్5 దాకా పేర్లు. 763.5 దిగేది 1ఎస్5 మెటాస్టేబుల్ స్థాయికి (ఉద్గారంతో సులువుగా కిందికి దిగలేనిది), అక్కడ పరమాణువులు పోగుపడతాయి. 800.6 దిగేది 1ఎస్4కి, అది రెజొనెన్స్ స్థాయి (ఉద్గారంతో నేల స్థాయికి, అంటే అతి తక్కువ శక్తి స్థాయికి, దిగగలదు), సాధారణంగా దాని సాంద్రత తక్కువ. లెక్క వేద్దాం. డాప్లర్ ఆకారం, వాయువు 400 కెల్విన్ అనుకుంటే ఆర్గాన్ పరమాణువు అత్యంత సంభావ్య వేగం సెకనుకు 408 మీటర్లు. లైన్ మధ్యలో శోషణ గుణకం = తరంగదైర్ఘ్యం ఘనం × గుణకం × దిగువ స్థాయి సాంద్రత × డీజెనరసీల నిష్పత్తి, దాన్ని 44.55 తోనూ ఆ వేగంతోనూ భాగించాలి. ఆ 44.55 అంటే 8 × π × √π. డీజెనరసీల నిష్పత్తిలో ఎగువది పైన, దిగువది కింద.

1ఎస్5 సాంద్రత ఘన సెంటీమీటరుకు 10¹¹ అయితే 763.5కి మీటరుకు 60 వస్తుంది. మీ 5 సెంటీమీటర్లకు ఆప్టికల్ డెప్త్ (శోషణ గుణకం × మందం) 3. అదే సాంద్రతకు 811.5కి 6.8, 696.5కి 0.36. ఈ అంకెలు చూస్తే 811.5ని పల్చని లైన్ అనుకోవడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

వెనక్కి లెక్కపెట్టి మీ 3.4 ఎక్కడ వస్తుందో చూశాను. 1ఎస్4 సాంద్రత 1ఎస్5లో అయిదో వంతు అనుకుంటే, 1ఎస్5 సుమారు 4.5 × 10¹⁰ దగ్గర సరిపోతుంది. అప్పుడు 763.5 డెప్త్ 1.35, మొత్తం లైన్ కాంతిలో 66 శాతం బయటికొస్తుంది. 800.6కి 96 శాతం. 5ని ఈ రెండింటి నిష్పత్తితో గుణిస్తే 3.4. అదే చోట 811.5కి డెప్త్ 3 దాటుతుంది, సగం కన్నా తక్కువ, 44 శాతమే బయటపడుతుంది. ప్లాట్‌లో ఆ బిందువు 0.8 కిందికి పడుతుంది. అది అన్నిటికన్నా ఎడమ పక్కన ఉన్న బిందువు కాబట్టి గీత వాలు తగ్గి, ఉష్ణోగ్రత ఎక్కువగా కనిపిస్తుంది. మీకు అన్నీ కలిపితే 0.6, అవి తీసేస్తే 0.35 రావడం ఇందుకే.

738.4 బై 706.7 సరిపోవడం చూసి పొంగిపోకండి. 706.7 మెటాస్టేబుల్‌కి దిగుతుంది కానీ దాని గుణకం చిన్నది. 738.4 గుణకం పెద్దది కానీ 1ఎస్4కి దిగుతుంది. 1ఎస్4 అయిదో వంతు ఉంటే రెండింటి డెప్త్ దాదాపు సమానం, తప్పు రెండువైపులా కొట్టుకుపోతుంది. కాబట్టి ఆ జంట కాలిబ్రేషన్‌ని పరీక్షిస్తుంది, స్వయం శోషణని పట్టదు. 763.5 జంట శోషణని పడుతుంది. రెండూ కావాలి.

నేరుగా చూడాలంటే ప్లాస్మా వెనక గోళాకార అద్దం పెట్టి, దాని వక్రతా కేంద్రం ప్లాస్మా మధ్యలో ఉండేలా సరిచేసి, అద్దంతో ఒకసారి, మూసి ఒకసారి కొలవండి. పల్చని లైన్లన్నిటికీ పెరుగుదల ఒకే నిష్పత్తిలో ఉంటుంది. ఏ లైన్ తక్కువ పెరిగితే అది శోషణలో ఉన్నట్టు. అద్దం పరావర్తనం కచ్చితంగా తెలియక్కర్లేదు, పోలిక చాలు.

బ్రాంచింగ్_బల్ల

సొంతంగా కొలవడం గురించి అడిగారు. పూర్తి గుణకాలు ఈ సెటప్‌తో కుదరవు, బ్రాంచింగ్ ఫ్రాక్షన్లు మాత్రం కుదురుతాయి. గుణకం = బ్రాంచింగ్ ఫ్రాక్షన్ ÷ జీవితకాలం. జీవితకాలానికి పల్స్ లేజర్ కావాలి, దాన్ని సాహిత్యం నుంచి తీసుకోండి.

ఉదాహరణకు 13.328 ఈవీ స్థాయి, పాషెన్ పేర్ల పద్ధతిలో 2పి2. దాన్నుంచి కిందికి నాలుగే దారులు: 696.5, 727.3, 772.421, 826.5. గుణకాలు వరసగా 6.39, 1.83, 11.7, 15.3, అన్నీ × 10⁶. మొత్తం 3.52 × 10⁷, తలకిందులు చేస్తే జీవితకాలం 28.4 నానోసెకన్లు. బ్రాంచింగ్ ఫ్రాక్షన్లు 0.181, 0.052, 0.332, 0.434. నాలుగూ మీ డిటెక్టర్ పరిధిలోనే ఉన్నాయి, ఇది చాలా అదృష్టమైన స్థాయి. పరారుణంలో ఒక దారి చూడకుండా వదిలేస్తే మిగతా ఫ్రాక్షన్లన్నీ ఆ మేరకు ఉబ్బుతాయి. అందుకే పని మొదలుపెట్టే ముందు ఎంపిక నియమాలతో దారులన్నీ రాసుకోవాలి.

అడ్డంకి 772.421. దాని పక్కది మీకు విడిపోదు. రెండు మార్గాలున్నాయి. స్లిట్ ఇరుకు చేసి, గ్రేటింగ్ ఇంకా ఎక్కువ గీతలది వాడి, రెండు శిఖరాల ఫిట్‌లో దూరాన్ని 0.045 వద్ద బిగించి వైశాల్యాలు తీయడం ఒకటి. ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ స్పెక్ట్రోమీటర్ దొరికితే దానితో కొలవడం రెండోది, అందులో ఈ రెండూ మొహమాటం లేకుండా విడిపోతాయి, పైగా లైన్లన్నీ ఒకేసారి నమోదవుతాయి కాబట్టి మధ్యలో ప్లాస్మా ఊగినా నిష్పత్తి చెడదు.

కాంతి మూలంగా మీ ప్లాస్మా వద్దు. హాలో క్యాథోడ్ దీపం వాడండి. కరెంటుని నాలుగైదు మెట్లలో మార్చి ప్రతి మెట్టు దగ్గరా ఫ్రాక్షన్లు కొలిచి, కరెంటుకి ఎదురుగా గీసి సున్నాకి పొడిగించండి. కరెంటుతో ఫ్రాక్షన్ మారుతుంటే అది స్వయం శోషణే. మారకపోతే కొలత ఆరోగ్యంగా ఉన్నట్టు.

అనిశ్చితి లెక్కలో ఒక విశేషం ఉంది. నాలుగు లైన్ల తీవ్రతల్లోనూ విడివిడిగా 5 శాతం తప్పు ఉందనుకోండి. ఫ్రాక్షన్ల మొత్తం 1కి కట్టుబడి ఉంది కాబట్టి బలమైన 826.5 ఫ్రాక్షన్‌లో తప్పు 3.4 శాతానికి తగ్గుతుంది. బలహీనమైన 727.3కి 5.5 శాతానికి పెరుగుతుంది. జీవితకాలంలో 5 శాతం కలిపితే గుణకాల్లో 6.0, 7.4 శాతం. మీరు అన్నిటికీ ఒకే 7 శాతం రాస్తే బలమైన లైన్‌ని పాడుచేసినట్టే.

పట్టికలో ప్రతి లైన్‌కీ ఇవి రాయండి: గాలిలో తరంగదైర్ఘ్యమా శూన్యంలోదా, ఎగువ దిగువ శక్తులు, ఫ్రాక్షన్, దాని తప్పు, ఏ జీవితకాలం వాడారు, దాని తప్పు. మొదటి అంశం చిన్నగా కనిపిస్తుంది కానీ 500 నానోమీటర్ల దగ్గర గాలికీ శూన్యానికీ తేడా 0.14 నానోమీటర్లు. శక్తి స్థాయిల నుంచి లెక్కపెడితే వచ్చేది శూన్యపు విలువ, డేటాబేస్ మామూలుగా 200 నుంచి 2000 దాకా చూపేది గాలి విలువ. పక్క లైన్‌ని మన లైన్ అనుకోవడానికి ఆ 0.14 చాలు. ఫ్రాక్షన్నీ జీవితకాలాన్నీ విడిగా ఇస్తే రేపు ఇంకా మంచి జీవితకాలం వచ్చినప్పుడు మీ కొలత పాతబడదు, కొత్త అంకెతో భాగిస్తే చాలు.

వాలు_లెక్క

ప్రోబ్ 3 ఈవీ, ప్లాట్ 0.35 ఎందుకన్న దానికి జవాబు మిగిలిపోయింది. గుణకాలన్నీ దోషం లేకుండా ఉన్నా ఆ రెండూ కలవవు.

స్థాయిల జనాభా ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతని అనుసరించాలంటే తాడనాలు (ఎలక్ట్రాన్లు ఢీకొనడం) ఉద్గారాన్ని దాటాలి. మెక్‌వర్టర్ షరతు: ఘన సెంటీమీటరుకు కనీస ఎలక్ట్రాన్ సాంద్రత = 1.6 × 10¹² × కెల్విన్ ఉష్ణోగ్రత వర్గమూలం × ఈవీలో శక్తి అంతరం ఘనం. 3 ఈవీకి వర్గమూలం 187. నేల స్థాయి నుంచి మొదటి ఉత్తేజిత స్థాయికి అంతరం 11.55 ఈవీ, అంటే 4.6 × 10¹⁷ కావాలి. 4ఎస్ పైభాగానికీ 4పి కింది భాగానికీ మధ్య 1.08 ఈవీయే కాబట్టి అక్కడికి 3.8 × 10¹⁴ చాలు. మీ దగ్గర ఉన్నది 10¹¹. వేల రెట్లు తక్కువ. పైగా ఇది అవసరమైన షరతే, తీరినంత మాత్రాన సమతౌల్యం ఉన్నట్టు కాదు.

మీ పీడనంలో 4పి స్థాయిలు నిండేది నేల స్థాయి నుంచీ మెటాస్టేబుల్స్ నుంచీ నేరుగా ఎలక్ట్రాన్ తాడనంతో, ఖాళీ అయ్యేది ఉద్గారంతో. ఒక్కో స్థాయి తాడన క్రాస్ సెక్షన్ (ఢీకొంటే ఆ స్థాయి నిండే సంభావ్యత కొలత) వేరు, అందుకే బిందువులు చెదిరిపోతాయి. ఆ 0.35ని ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత అని రాయకండి. 4పి గుంపు ఉత్తేజ ఉష్ణోగ్రత అనండి, లేదా అసలు రాయకండి. నా అభిప్రాయం రెండోదే.

మీకు కావాల్సింది తాడన-వికిరణ మోడల్, అంటే తాడనాలతో నిండడాన్నీ ఉద్గారంతో ఖాళీ అవడాన్నీ కలిపి లెక్కించేది. దాంట్లోకి వెళ్లేవి రెండు: క్రాస్ సెక్షన్లు, 1ఎస్ సాంద్రతలు. 1ఎస్5 సాంద్రత పైన లెక్కలో ఇప్పటికే సుమారుగా దొరికింది. 1ఎస్4ని అయిదో వంతు అని అనుకోవడం మానేసి, నాలుగైదు జంటల నిష్పత్తులు ఒకేసారి ఫిట్ చేస్తే రెండు సాంద్రతలూ తేలతాయి. మొదలుపెట్టడానికి మంచి జంట 419.8, 420.1. రెండూ 5పి లైన్లు, గుణకాలు 2.57 × 10⁶, 9.67 × 10⁵. మొదటిది ఎక్కువగా నేల స్థాయి నుంచి నిండుతుంది, రెండోది మెటాస్టేబుల్స్ నుంచి తేలిగ్గా నిండుతుంది. మధ్య దూరం 0.24 నానోమీటర్లే కాబట్టి కాలిబ్రేషన్ దాదాపు కొట్టుకుపోతుంది, మీ 0.07 వెడల్పుకి హాయిగా విడిపోతాయి. నీలం వైపు కాబట్టి ఎటలోనింగ్ కూడా లేదు. లాంగ్‌పాస్ ఫిల్టర్ తీయడం మాత్రం మర్చిపోకండి.

సన్నగీత

రేపు 419.8, 420.1 తీస్తాను. అద్దం లేదు, 763.5 బై 800.6 నిష్పత్తిని 0.5 నుంచి 5 పాస్కల్ దాకా పీడనంతో గీస్తే సరిపోతుందా?

నీడలోని_లైన్

సరిపోతుంది, కానీ పీడనంతో పాటు వాయువు ఉష్ణోగ్రత కూడా మారుతుందని గుర్తుంచుకోండి. డెప్త్ లెక్కలో వేగం హారంలో ఉంది. 400 కెల్విన్ నుంచి 800కి పోతే అదే సాంద్రతకు డెప్త్ 1.41 రెట్లు తగ్గుతుంది. కొద్దిగా నైట్రోజన్ కలిపి దాని రెండో పాజిటివ్ బ్యాండ్ 337.1 దగ్గర రొటేషనల్ ఆకారం నుంచి ఉష్ణోగ్రత అంచనా వేయొచ్చు. అయితే ఆర్గాన్ మెటాస్టేబుల్స్ కూడా నైట్రోజన్‌ని ఉత్తేజపరుస్తాయి, రొటేషనల్ ఉష్ణోగ్రత నిజం కన్నా ఎక్కువ చూపిస్తుంది. దాన్ని పైహద్దుగా తీసుకుని, కింది హద్దుకి గోడ ఉష్ణోగ్రత పెట్టి, రెండింటి మధ్య డెప్త్ ఎంత ఊగుతుందో అనిశ్చితిగా రాయండి.